హాలులో పేలిన జోకు టీవీలో ఎందుకు చప్పబడుతుంది?

క్లుప్తంగా

హాస్య సంగీత నాటకం స్టేజీ మీద ప్రేక్షకుల నవ్వును బట్టి నడుస్తుంది. టీవీ గడియారాన్ని బట్టి నడుస్తుంది. లైవ్ ప్రసారంలో వచ్చే చిక్కుల్లో చాలావరకు ఇక్కడ పుట్టినవే. అమెరికా ఛానళ్లు 2013 నుంచి చేసిన ప్రయోగాలనూ మన పద్యనాటకాల అలవాట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, హైదరాబాద్‌లో నాటకాన్ని స్టూడియోకు తరలించేకంటే కెమెరాలను హాలుకు తీసుకెళ్లడమే మేలని తేలుతుంది.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో తరతరాలుగా కుటుంబాలకు కుటుంబాలే నాటకాలాడే సురభివాళ్ల మాయాబజార్ చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు లక్ష్మణ కుమారుణ్ని హడలగొట్టే ఘట్టం వచ్చేసరికి పిల్లా పెద్దా తేడా లేకుండా నవ్వుతారు. అదే ఘట్టాన్ని ఎవరో ఫోన్‌లో తీసి పెట్టిన వీడియోగా ఇంట్లో సోఫాలో కూర్చుని చూస్తే నవ్వు రాదు సరికదా, ఇంత సాగదీస్తున్నారేమిటని అనిపిస్తుంది. నటులు వాళ్లే, మాటలు అవే, పద్యాలు అవే.

నాటకం గురించి ఎక్కడ సభ జరిగినా ఒక సలహా వినిపిస్తుంది: టీవీలోనో ఓటీటీలోనో లైవ్ ఇస్తే నాటకం బతుకుతుందని. సలహా మంచిదే. కానీ ఏ నాటకం, ఎలాంటి లైవ్ అన్న వివరాల్లోకి వెళ్లకుండా చేస్తే జరిగేది పై ఉదాహరణే. గంభీరమైన నాటకం ఈ బదిలీలో కొంత నష్టపోతుంది. పాటలూ పద్యాలూ ఉన్న హాస్య నాటకం అంతకంటే ఎక్కువ నష్టపోతుంది. ఎందుకో చూడాలంటే ఒక జోకును సెకన్ల లెక్కన విప్పాలి.

నవ్వు దిగేలోపు

నటుడు మాట విసురుతాడు. అర సెకను నిశ్శబ్దం. ముందు వరసలో ఎవరో కిసుక్కుమంటారు. మూడో వరస అందుకుంటుంది, అక్కడి నుంచి వెనక కుర్చీల దాకా పాకుతుంది. నవ్వు పైకి లేచి, కాసేపు నిలబడి, దిగడం మొదలుపెడుతుంది. చేయి తిరిగిన హాస్యనటుడు అది పూర్తిగా చల్లారేదాకా ఆగడు. ఇంకా కొంత మిగిలి ఉండగానే తర్వాతి మాట అందుకుంటాడు. ఆగిన ఆ నాలుగు సెకన్లలో ఊరికే నిలబడడు కూడా. ఉత్తరీయం సర్దుకుంటాడు, ఎదుటి పాత్ర వైపు ఓరగా చూస్తాడు. ఆ చూపుకు మళ్లీ నవ్వు. రేపటి ఆటలో అదే చోట రెండు సెకన్లే నవ్వితే రెండు సెకన్లే ఆగుతాడు. అంటే నాటకం రాతప్రతిలో లేని ఒక లెక్కను హాలూ నటుడూ కలిసి ప్రతి రాత్రీ కొత్తగా వేసుకుంటారు.

ఇప్పుడు ఆ హాలును తీసేసి అదే నటుణ్ని ఖాళీ స్టూడియోలో నిలబెట్టండి. మాట విసిరాక ఎంతసేపు ఆగాలో అతనికి తెలియదు. ఆగితే తెర మీద గొయ్యిలా కనిపిస్తుంది. ఆగకపోతే ఇంట్లో నిజంగా నవ్విన మనిషికి తర్వాతి మాట వినబడదు. రెండు దారుల్లోనూ నష్టమే.

ఇంట్లో చూసేవాడి వైపు నుంచి ఇంకో ఇబ్బంది ఉంది. నవ్వు మీద ఏళ్లపాటు పరిశోధన చేసిన అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ గమనించినదాని ప్రకారం, మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడు. జోకు ఒక్కటే నవ్వించదు, పక్కవాడి నవ్వు కూడా నవ్విస్తుందన్నమాట. టీవీవాళ్లకు ఇది మొదటి నుంచీ తెలుసు. అందుకే 1950లలోనే అమెరికాలో రికార్డు చేసిన నవ్వులను కామెడీ షోలకు అతికించడం మొదలైంది.

మన దగ్గర అదే పనికి ఇంకో పద్ధతి కుదిరింది. 2013లో ఈటీవీలో మొదలైన జబర్దస్త్ తరహా షోలలో స్కిట్ ఎదుట జడ్జిలు కూర్చుంటారు. వాళ్లు పగలబడి నవ్వే మొహాలను మధ్యమధ్య చూపిస్తారు. ఇంట్లో ఒంటరిగా చూసేవాడికి ఆ మొహాలే తోడు. పైగా అది ముందుగా తీసి, ఎడిటింగ్‌లో బిగించి ప్రసారం చేసేది. పేలని జోకు కత్తెరకు పోతుంది, పేలినదాని చుట్టూ ఉన్న ఖాళీ తగ్గుతుంది. లైవ్‌లో ఈ వెసులుబాటు ఉండదు. రెండు గంటల సంగీత నాటకానికి పది నిమిషాల స్కిట్ కొలతలు సరిపోవు కూడా.

అమెరికా ప్రయోగాలు ఏం చెప్పాయి

సంగీత నాటకాన్ని లైవ్‌గా ప్రసారం చేయడం కొత్త ఆలోచనేమీ కాదు. 1957 మార్చి 31న సీబీఎస్ ప్రసారం చేసిన 'సిండ్రెల్లా'ను పది కోట్ల మందికి పైగా చూశారు. సంగీత నాటకాలకు పేరుపడ్డ రోజర్స్, హామర్‌స్టీన్ ద్వయం దాన్ని టీవీ కోసమే రాసింది. ఆ తర్వాత రికార్డింగ్ టేపు చవకై, ఎడిటింగ్ సులువై, లైవ్ నాటకం అవసరం తగ్గిపోయింది.

మళ్లీ ఊపు వచ్చింది 2013 డిసెంబర్ 5న. ఎన్‌బీసీ ఛానల్ 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్'ను లైవ్‌గా ఇస్తే 1.86 కోట్ల మంది చూశారు. కోరుకున్నప్పుడు చూసుకునే అలవాటు పెరిగిపోయిన రోజుల్లో, అందరినీ ఒకే గంటలో టీవీ ముందు కూర్చోబెట్టగల కార్యక్రమం ఛానళ్లకు బంగారంలా కనిపించింది. కానీ ఆ షోలో ప్రేక్షకులు లేరు. పాట ముగిసేది, చప్పట్లు ఉండవు, ఒక వింత నిశ్శబ్దం, వెంటనే తర్వాతి సంభాషణ. మరుసటి ఏడాది 'పీటర్ పాన్' కూడా ఖాళీ స్టూడియోలోనే. సముద్రపు దొంగల హాస్యమంతా నవ్వే నాథుడు లేక గాలిలో కలిసిపోయింది. చూసినవాళ్లు 92 లక్షలకు తగ్గారు. 2015 డిసెంబర్‌లో 'ద విజ్'ను 1.15 కోట్ల మంది చూశారు, అదీ ప్రేక్షకులు లేకుండానే.

మలుపు తిప్పింది 2016 జనవరి 31న ఫాక్స్ ఛానల్ చేసిన 'గ్రీస్'. బర్‌బ్యాంక్‌లోని వార్నర్ బ్రదర్స్ స్టూడియో ఆవరణలో వేసిన సెట్లలోకే ప్రేక్షకులను తెచ్చి కూర్చోబెట్టారు. న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకశాలల్లో పనిచేసిన దర్శకుడు థామస్ కేల్ నటుల సంగతి చూసుకుంటే, లైవ్ కెమెరాల దర్శకత్వం అలెక్స్ రుడ్జిన్‌స్కీ చేతిలో పెట్టారు. ఒక పనికి ఇద్దరు దర్శకులన్నది ఖర్చు కాదు, అవసరం. నాటకం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలిసినవాడు ఒకడు, కెమెరా ఎక్కడ ఉండాలో తెలిసినవాడు ఇంకొకడు. ఆ రోజు వాన పడింది. మొదటి పాటను గొడుగులతోనే కానిచ్చారు. జనం కేరింతలు కొట్టారు, నటులు వాళ్లను చూసి రెచ్చిపోయారు. 1.22 కోట్ల మంది చూశారు, టీవీ రంగపు ఎమ్మీ అవార్డులూ వచ్చాయి.

అదే ఏడాది డిసెంబర్ 7న ఎన్‌బీసీ 'హెయిర్‌స్ప్రే' చేసింది. అచ్చమైన హాస్య సంగీత నాటకం ఇదే కాబట్టి మన చర్చకు దగ్గర. 2002లో బ్రాడ్‌వేలో తల్లి ఎడ్నా పాత్ర వేసిన హార్వీ ఫియర్‌స్టీన్ టీవీలోనూ అదే పాత్ర వేశారు, టీవీ స్క్రిప్టునూ ఆయనే రాశారు. భార్యాభర్తల యుగళగీతం స్టేజీ మీద ఇద్దరు నటులు ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ సాగదీసే ఘట్టం. గడియారం కింద ఎంత సాగాలో, ఎక్కడ కట్టేయాలో నిర్ణయించడానికి వందల సార్లు ఆడినవాడికంటే తగినవాడు దొరకడు. అక్కడా కొంత ప్రేక్షకులను పెట్టారు. అయినా చూసినవాళ్లు సుమారు 90 లక్షలే.

కాబట్టి ప్రేక్షకులను కూర్చోబెడితే రేటింగ్ వస్తుందని ఈ అంకెలు చెప్పవు. పేరు, తారలు, ఆ రాత్రి పక్క ఛానల్లో ఏముందన్నది అంకెలను మారుస్తాయి. అంకెలు చెప్పనిది ఆ ప్రసారాలు చూస్తే తెలుస్తుంది: ప్రేక్షకులున్న చోట నటుల లయ కుదిరింది, లేని చోట తడబడింది.

ఇంకో దారి బ్రిటన్‌ది. అక్కడి నేషనల్ థియేటర్ 2009 జూన్ నుంచి తన నాటకాలను సినిమాహాళ్లకు లైవ్‌గా పంపుతోంది. స్టూడియో లేదు, కొత్త సెట్టు లేదు. నాటకం తన హాలులో తన ప్రేక్షకుల ముందే ఆడుతుంది, కెమెరాలు వాళ్ల మధ్య కూర్చుంటాయి. 2011లో అలా ప్రసారమైన 'వన్ మ్యాన్, టూ గవ్‌నర్స్' ఆసాంతం హాస్యమే, మధ్యమధ్య బ్యాండు పాటలు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ దాన్ని యూట్యూబ్‌లో ఉచితంగా పెడితే ప్రపంచమంతా ఇళ్లలో కూర్చుని నవ్వింది. తొమ్మిదేళ్ల కిందటి హాలు నవ్వు అందులో భద్రంగా ఉండబట్టే అది పనిచేసింది.

హార్మోనియం ఆగుతుంది, క్లిక్ ఆగదు

మన పద్యనాటకంలో కాలాన్ని పట్టుకునేది హార్మోనిస్టు. స్టేజీ పక్కన కూర్చుని, కాలితో తిత్తి తొక్కుతూ, కళ్లు మాత్రం నటుడి మొహం మీదే పెడతాడు. నటుడు రాగం సాగదీస్తే శ్రుతి నిలిపి ఉంచుతాడు. హాలు నవ్వితే ఆ నవ్వు కింద రెండు స్వరాలను తిప్పుతూ ఉంటాడు. నటుడు మాట అందుకోబోతున్నాడని గడ్డం కదలికలో పసిగట్టి తగ్గిస్తాడు. జనం 'వన్స్ మోర్' అంటే పల్లకీ మోసేవాడిలా మళ్లీ మొదటికి తీసుకెళ్లి దించుతాడు. బ్రాడ్‌వేలోనూ ఇదే పని వాద్యబృందం చేస్తుంది. నటుడు సిద్ధమయ్యేదాకా ఒకే వరసను తిప్పి తిప్పి వాయిస్తారు.

లైవ్ టీవీలో చాలా చోట్ల వాద్యబృందం స్టేజీ దగ్గర ఉండదు. శబ్దం కలగాపులగం కాకుండా వేరే గదిలో పెడతారు. మానిటర్లో నటులను చూస్తూ వాయిస్తారు, నటులు చెవిలో పెట్టుకున్న చిన్న స్పీకర్లో విని పాడతారు. ముందే రికార్డు చేసిన వాద్యాలు కలుస్తుంటే అందరి చెవుల్లోనూ 'టిక్ టిక్' మంటూ క్లిక్ నడుస్తుంది. క్లిక్ ఎవరి కోసమూ ఆగదు. పాట మధ్యలో జోకు ఊహించనంతగా పేలితే నటుడు తర్వాతి పంక్తిని నవ్వులో కలిపేయాలి, లేదా తాళం తప్పాలి. సంగీత హాస్యానికి లైవ్ టీవీలో తగిలే పెద్ద దెబ్బ ఇదే. దీని గురించి జరగవలసినంత చర్చ జరగదు.

శబ్దం నడక కూడా లెక్కలోకి వస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. హార్మోనియానికి 17 మీటర్ల దూరంలో నిలబడ్డ నటుడికి స్వరం సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. తాళానికి అది తేడానే. ఇక తెర మీద పెదవుల కదలిక, మాట కలిసి రావాలి. యూరోపియన్ ప్రసార సంస్థల సంఘం పెట్టుకున్న ప్రమాణం ప్రకారం మాట బొమ్మకంటే 40 మిల్లీసెకన్లకు మించి ముందు రాకూడదు, 60కి మించి వెనకబడకూడదు. మన టీవీలో సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి ఒక ఫ్రేము అంటే 40 మిల్లీసెకన్లు. అంటే ముందుకైతే ఒక ఫ్రేము, వెనక్కైతే ఒకటిన్నర ఫ్రేము తేడా లోపే ఉండాలి. హాస్యంలో ఇది తప్పితే చూసేవాడికి కారణం తెలియదు, జోకు పండలేదని మాత్రం తెలుస్తుంది.

పద్యనాటకాల్లో స్టేజీ ముందు రెండు మూడు మైకులు నిలబెడతారు, పద్యం అందుకునే నటుడు వాటి దగ్గరికి వస్తాడు. దశాబ్దాల నాటి ఈ అలవాటు నటుల కదలికలనే మార్చేసింది. టీవీకి ప్రతి నటుడికీ కిరీటం అంచునో, జుట్టులోనో చిన్న మైకు దాచాలి. దాంతోపాటు హాలు నవ్వు కోసం విడిగా మైకులు వేలాడదీయాలి. ఈ నవ్వు మైకులను మిక్సింగ్‌లో ఎంత పెంచాలన్నది చేతి నేర్పు మీద ఆధారపడే పని. ఎక్కువైతే మాట మునుగుతుంది, తక్కువైతే పాత కథే.

'వన్స్ మోర్' సంగతి ప్రత్యేకంగా చూడాలి. రాగంతో పాడిన ఒక పద్యం మూడు నాలుగు నిమిషాలు పట్టిందనుకుంటే, నాలుగు వన్స్ మోర్లు పడితే పావుగంట అదనం. హాలులో అది పండగ. ప్రసారంలో తొమ్మిది గంటల వార్తలు తొమ్మిదింపావుకు మొదలవుతాయి. ముందే వద్దని ప్రకటిస్తే నాటకం ప్రాణం పోతుంది, వదిలేస్తే ఛానల్ ఒప్పుకోదు.

ఎవరి మొహం చూపించాలి

స్టేజీ మీద జోకు వేసినవాడూ, జోకు తగిలినవాడూ ఒకేసారి కనిపిస్తారు. ప్రేక్షకుడి కన్ను తనంతట తానే ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి దూకుతుంది. చాలాసార్లు నవ్వు పుట్టేది మాటలో కాదు, ఆ మాట తగిలిన మొహంలో. టీవీలో అలా దూకే పని దర్శకుడు చేయాలి. కంట్రోల్ రూములో పది మానిటర్ల ముందు కూర్చుని 'టూ రెడీ... టేక్ టూ' అని రెండో కెమెరాను పిలిచిన క్షణానికి తెర మారుతుంది. పది ఫ్రేములు ఆలస్యమైతే అర సెకనుకు కాస్త తక్కువ. ఆ లోపు ఎదుటి నటుడి మొహంలో కనుబొమ్మ లేచి, దిగిపోయి ఉంటుంది.

దీనికి మందు కెమెరా స్క్రిప్టు. ఏ మాట దగ్గర ఏ కెమెరా, ఎంత దగ్గరగా అన్నది షాట్ల నంబర్లతో ముందే రాసుకుని రిహార్సల్ చేయడం. అందులోనూ హాస్యానికి ఒక మినహాయింపు అవసరం. ఒళ్లంతా వాడి నవ్వించే నటుణ్ని క్లోజప్‌లో బంధిస్తే సగం నవ్వు ఫ్రేము బయటే పోతుంది. జారిపడేవాడి కాళ్లు కనిపించాలి. ఇద్దరు పాత్రల మధ్య జరిగేది ఇద్దరినీ కలిపి చూపించాలి. మామూలు సీరియల్ అలవాటులో మాటమాటకీ మొహం మార్చేవాళ్లకు ఇది తీరికగా, చప్పగా అనిపిస్తుంది. కానీ హాస్య నాటకానికి కావలసింది ఆ తీరికే.

దగ్గరితనంతో వచ్చే ఇంకో సమస్య మాయలది. సురభి ఖ్యాతిలో సగం తీగల మీద ఎగిరే పాత్రలది, అస్త్రాలది, క్షణాల్లో మారే తెరలది. హాలులో కూర్చున్నవాడికి తీగ కొంచెం కనిపించినా పట్టించుకోడు. చూస్తున్నది నాటకమని ఒప్పుకునే లోపలికి వచ్చాడు. హెచ్‌డీ కెమెరాకు ఆ ఒప్పందం లేదు. 2014 'పీటర్ పాన్'లో ఎగిరేటప్పుడు తీగలు స్పష్టంగా కనిపించాయన్న మాట అక్కడా వచ్చింది. తీగను కంప్యూటర్‌తో చెరిపేయడం లైవ్‌లో కుదరదు, కుదిరినా చేయకూడదు. తీగ లేకుండా చూపిస్తే అది సినిమా ట్రిక్కు అయిపోతుంది, స్టేజీ మీద మనిషిని గాల్లోకి లేపే పనితనం కనబడకుండా పోతుంది. ఎగిరే ఘట్టాన్ని హాలు మధ్య నుంచి, ముందు వరసల తలలు కనిపించేలా తీస్తే ఇంట్లో ఉన్నవాడు కూడా ఆ ఒప్పందంలోకి వస్తాడు.

ప్రకటనల విరామం

కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు. అందులో 10 నిమిషాలు వ్యాపార ప్రకటనలు, 2 నిమిషాలు ఛానల్ సొంత ప్రచారం. రెండు గంటల్లో 24 నిమిషాల దాకా కోత అన్నమాట. అమెరికా లైవ్ నాటకాల్లో ఈ విరామాలు సెట్టు మార్చడానికీ, బట్టలు మార్చుకోవడానికీ ఉపయోగపడ్డాయి. సురభి తెరలు క్షణాల్లో మారతాయి కాబట్టి వాళ్లకు ఆ అవసరం లేదు. పొరపాట్ల మీద పొరపాట్లు పేర్చుకుంటూ వెళ్లే హాస్యానికి మధ్యలో సబ్బు ప్రకటన వస్తే పేర్చినదంతా మళ్లీ పేర్చాలి. హాలులో కూర్చున్న ప్రేక్షకులు ఆ మూడు నిమిషాలూ ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న.

నోటికొచ్చిన మాట

స్టేజీ హాస్యంలో చాలా భాగం రాతలో ఉండదు. ఊరి పెద్దమనిషి పేరో, ఆ వారం జరిగిన గొడవో పద్యం మధ్యలో దూర్చి నవ్వించడం హాస్యగాడి హక్కుగానే సాగింది. ఆ ఊళ్లో అది చనువు. ఉపగ్రహం ఎక్కి లక్షల ఇళ్లకు వెళితే అదే మాట పరువునష్టం కావచ్చు, ఒక కులాన్ని కించపరచడం కావచ్చు. కేబుల్ టీవీ నిబంధనల్లోని కార్యక్రమాల నియమావళి మతాల మీద, సమూహాల మీద దాడి చేసే మాటలను, దృశ్యాలను నిషేధించింది.

దీనికి మన కళ్ల ముందున్న ఉదాహరణ చింతామణి. వేశ్యాలోలత వల్ల వచ్చే పతనాన్ని చూపడానికి కాళ్లకూరి నారాయణరావు రాసిన నాటకం అది. దశాబ్దాల ప్రదర్శనల్లో సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ హాస్యం పెరుగుతూ పోయింది, రాతలో లేని మాటలు చేరాయి. ఆర్యవైశ్యుల ఫిర్యాదులతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నాటకాన్నే నిషేధించింది. వ్యవహారం హైకోర్టుకూ వెళ్లింది. కించపడ్డామన్నవాళ్ల బాధా నిజమే, రచయిత రాయని మాటలకు రచన మీద వేటు పడటమూ నిజమే.

లైవ్ ప్రసారాలకు కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టి, అనుకోని మాట దొర్లితే ఆపేసే ఏర్పాటు ఉంది. బూతు మాటను అది ఆపగలదు. సమయస్ఫూర్తితో పుట్టిన చమత్కారం ఎవరిని నొప్పిస్తుందో నాలుగు సెకన్లలో తేల్చే మనిషి ఎవరూ ఉండరు. ఆచరణలో జరిగేది ఏమిటంటే, ఛానల్ లాయరు ముందే స్క్రిప్టు చూసి, దాటితే ఒప్పుకోమని చెబుతాడు. హాస్యగాడికి చేతులు కట్టేసినట్టవుతుంది. హాలు సంగతులను, ఆ రోజు వానను, ఎదుటి నటుడి తడబాటును వాడుకునే స్వేచ్ఛ మాత్రం ఉంచి, మనుషుల పేర్లు, కులాల ప్రస్తావన వరకు గీత గీసుకోవడం మధ్యేమార్గం.

హక్కులు ఎవరివి

ఈ విషయంలో పాత నాటకాలకు వెసులుబాటు ఎక్కువ. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. జంట కవులైతే చివర పోయినవారి నుంచి లెక్క. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి 1950లో పోయారు కాబట్టి తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు 2011 నుంచి అందరివీ. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర 2014 నుంచి. కొత్తగా రాసిన నాటకమైతే ఆడుకోవడానికి ఇచ్చిన అనుమతి ప్రసారానికి చెల్లదు, విడిగా రాయించుకోవాలి. నటుల హక్కు వేరే. వాళ్ల ప్రదర్శనను రికార్డు చేయాలన్నా, ప్రసారం చేయాలన్నా వాళ్ల సమ్మతి ఉండాలి. చిన్న సమాజాల్లో నోటిమాటతో నడిచిపోయే ఈ వ్యవహారం కాగితం మీదికి వస్తే నటులకే మేలు.

హైదరాబాద్ చేతిలో ఏముంది

హాలుకు కొరత లేదు. రవీంద్రుడి శతజయంతి వేళ 1961లో వెలిసిన రవీంద్రభారతి ఉంది, మాదాపూర్‌లో శిల్పకళా వేదిక ఉంది. కెమెరాలకూ కొరత లేదు. ఖైరతాబాద్ గణేశుడి నిమజ్జనాన్ని పొద్దుటి నుంచి రాత్రి దాకా లైవ్ ఇచ్చే ఊరిది. సినిమా ప్రీరిలీజ్ ఫంక్షన్లలో పాటలూ డ్యాన్సులూ లైవ్‌గా తీసి పంపే ఓబీ వ్యాన్లు, సిబ్బంది ఉన్నారు. 1977లో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్‌కు స్టూడియోలో నాటకాలు తీసిన అనుభవం ఉంది. అయితే ఫంక్షన్ తీయడం, నాటకం తీయడం ఒకటి కాదు. ఫంక్షన్‌లో కెమెరా జరిగేదాన్ని వెంబడిస్తుంది. నాటకంలో జరగబోయేదాని కోసం ముందే వెళ్లి కాచుకుని ఉండాలి. అందుకు కెమెరాలతో కనీసం రెండు మూడు పూర్తి రిహార్సల్స్ కావాలి. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మొదట కోత పడేది వాటికే.

మనకు కలిసొచ్చేవీ రెండున్నాయి. దేశమంతటికీ ఒకే టైము. అమెరికాలో తూర్పు తీరానికి లైవ్ వెళ్లిన నాటకం పశ్చిమ తీరానికి మూడు గంటల తర్వాత టేపులో వెళ్లేది. ఇక్కడ ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాకా ఒకే క్షణంలో నవ్వుతారు.

రెండోది సురభి కుటుంబాల పద్ధతి. 2019 జనవరి 27న ఫాక్స్ 'రెంట్' ప్రసారం చేయాల్సి ఉండగా, ముందు రోజు రిహార్సల్‌లో ముఖ్య నటుడి పాదం విరిగింది. అతని పాత్ర వేయగలిగినవాళ్లు సిద్ధంగా లేరు. చాలావరకు రిహార్సల్ రికార్డింగునే ప్రసారం చేసి చివరి భాగం మాత్రం లైవ్ ఇచ్చారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలై, ఇవాళ శేరిలింగంపల్లి సురభి కాలనీలో కాపురమున్న సమాజంలో పిల్లలు ఊహ తెలిసేనాటికే స్టేజీ ఎక్కుతారు. చిన్న వేషం వేసినవాళ్లు పెద్దయ్యేలోపు పక్క పాత్రల పద్యాలన్నీ నోటికి వచ్చేసి ఉంటాయి. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు కిరీటం పెట్టుకుంటారు. లైవ్ ప్రసారానికి ఇంతకంటే గట్టి బీమా ఏ ఛానలూ కొనలేదు.

ప్రసారం వల్ల నాటకం మీద పడే ప్రభావాలనూ ముందే అనుకోవాలి. ఒక రాత్రి రికార్డు అయిన రూపమే అసలు రూపంగా స్థిరపడిపోయే ప్రమాదం ఉంది. యూట్యూబ్‌లో ఎప్పటికీ ఉండే ఆ ఆటను చూసి నేర్చుకునే కుర్ర నటుడు అందులోని నాలుగు సెకన్ల విరామాన్ని కూడా బట్టీ పడతాడు. తన ఎదుట ఉన్న హాలు రెండు సెకన్లే నవ్వినా నాలుగు సెకన్లు నిలబడతాడు. ఇంకోవైపు, జేబులో ఫోన్ ఉన్న ప్రతివాడికీ సురభి ఏమిటో తెలిసే అవకాశం చిన్నది కాదు.

పనిగా చూస్తే వరస ఇలా కుదురుతుంది. ముందు వారం మామూలుగా టికెట్టు పెట్టి నాలుగు ఆటలు ఆడాలి. కెమెరా దర్శకుడు ప్రతి ఆటా హాలులో కూర్చుని, ఎక్కడ నవ్వారో, ఎన్ని సెకన్లు నవ్వారో స్క్రిప్టులో గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తుల మీదే షాట్లు రాసుకోవాలి. ముందు రోజు ఆటను కెమెరాలతో పూర్తిగా రికార్డు చేసి దగ్గర ఉంచుకోవాలి. ప్రసారం రోజు హార్మోనిస్టును వేరే గదికి పంపకుండా స్టేజీ పక్కనే ఉంచాలి. అతని చెవిలో క్లిక్ బదులు హాలులో వేలాడుతున్న నవ్వు మైకు వినిపించాలి. రెండు గంటల నాటకానికి రెండున్నర గంటల సమయం రాయించుకుని, అందులో ఒక పది నిమిషాలను వన్స్ మోర్ ఖాతాలో వేయాలి. ఆ పది నిమిషాలు ఎక్కడ ఖర్చు పెట్టాలన్న నిర్ణయం ఓబీ వ్యాన్‌లో కూర్చున్నవాళ్లకు కాకుండా, పద్యం ముగించి జనం వైపు చూస్తున్న నటుడికి వదిలేయాలి.